ఆరువందల ఏళ్ళ హాలు – దాని అద్దె కథ

సమావేశానికి గాని, పెళ్ళి విందుకు గాని హాలు కావలసి వచ్చినప్పుడు మనం మొదట అడిగేది "అద్దె ఎంత?" అన్న ప్రశ్నే. ఆ తర్వాత ఎంతమంది పడతారు, వంటకు చోటుందా, నీళ్ళు సరిపోతాయా, రాత్రి ఎన్ని గంటలకు ఖాళీ చెయ్యాలి అని వరుసగా అడుగుతాము. ఆ హాలు ఎవరు కట్టించారు, ఏ ఉద్దేశ్యంతో కట్టించారు అని అడిగేవారు అరుదు. దావత్ ఇంటివారికి సవాలక్ష పనులుంటవి కనుక వారు అడగకపోయినా తప్పు లేదు. కాని ఒక సంఘం తరఫున హాలు నడిపేవారు మాత్రం ఈ ప్రశ్న వేసుకోక తప్పదు.

సంఘాల హాళ్ళ విషయంలో ఎక్కడ చూసినా రెండు మాటలు వినవస్తూ ఉంటవి. "చందాలు వేసుకుని కట్టుకున్న హాలుకు మళ్ళీ మనమే అద్దె కట్టడమేమిటి?" అని కొందరు. "అద్దె రాకపోతే సున్నం ఎవరు వేయిస్తారు? కరెంటు బిల్లు ఎవరు కడతారు?" అని మరికొందరు. ఉభయుల మాటలోనూ న్యాయం ఉన్నది. అయితే ఈ తగవు ఈనాటిది కాదు. ఇంగ్లండు దేశంలో గిల్డు హాళ్ళు అనే కట్టడాలు ఉన్నవి. వాటిలో కొన్ని ఆరువందల ఏళ్ళ పైబడినవి. ఈనాటికీ వాటిని మీటింగులకు, విందులకు, పెళ్ళిళ్ళకు అద్దెకిస్తున్నారు. ఆ అద్దెల వెనుక ఒక పెద్ద చరిత్ర ఉన్నది. బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం కనుక, మాకు తెలిసినంతలో ఆ సంగతులు సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు ఉంచుతున్నాము. చదివిన తర్వాత మన హాలు సంగతి ఎవరికి వారే ఆలోచించుకోవచ్చును.

గిల్డు అంటే చందా

"గిల్డు" అనే మాటకు పాత ఇంగ్లీషు భాషలో మొదటి అర్థం చెల్లింపు. అనగా మన మాటల్లో చందా. ఒకే వృత్తి చేసేవారు, ఒకే వ్యాపారంలో ఉన్నవారు కలిసి ఒక పెట్టె పెట్టుకుని అందులో తలా ఇంత వేసేవారు. ఆ డబ్బుతో చనిపోయిన సభ్యుని అంత్యక్రియలు జరిపేవారు. భర్త పోయిన ఆడవారికి, పని చెయ్యలేని ముసలివారికి సాయం చేసేవారు. పెట్టెలో డబ్బు వేసినవారే సంఘానికి హక్కుదారులు. చందా నుంచే సంఘం పుట్టింది గాని సంఘం నుంచి చందా పుట్టలేదన్న సంగతి ఆ పేరులోనే ఉన్నది.

సాయం ఒక్కటే వారి పని కాదు. సరుకు నాణ్యం చూడటం, తూనికలు కొలతలు సరిచూడటం, సభ్యుల మధ్య తగవులు తీర్చటం, పని నేర్చుకునే కుర్రవాళ్ళను ఉస్తాదుల దగ్గర పెట్టించటం కూడా గిల్డు బాధ్యతలే. శిష్యరికం సాధారణంగా 7 సంవత్సరాలు ఉండేది. మన దేశంలో కూడా శ్రేణులు అనే వృత్తి సంఘాలు ఉండేవని శాసనాలు చెబుతున్నవి. మనుషులు ఎక్కడున్నా ఒంటరిగా బ్రతకలేమని తెలుసుకున్నప్పుడు ఇటువంటి ఏర్పాటే చేసుకుంటారు కాబోలు.

ఇన్ని పనులు చెయ్యాలంటే నలుగురు కూర్చునే చోటు కావాలి. లెక్కల పుస్తకం, పెట్టె తాళం భద్రంగా ఉండాలి. ఏడాదికొకసారి అందరూ కలిసి భోజనం చెయ్యాలి. అందుకోసం కట్టుకున్నదే గిల్డు హాలు.

యార్క్ నగరంలో ఒక కర్ర మేడ

ఉత్తర ఇంగ్లండులో యార్క్ అనే పాత నగరం ఉన్నది. అక్కడ ఫాస్ అనే చిన్న నది పక్కన, ఫాస్‌గేట్ వీధిలో, మర్చంట్ అడ్వెంచరర్స్ హాలు అనే కట్టడం ఉన్నది. మర్చంట్ అడ్వెంచరర్స్ అంటే సాహస వర్తకులు. సొంత డబ్బు పెట్టి సముద్రం మీద సరుకు పంపి, ఓడ క్షేమంగా తిరిగి వస్తే లాభం, మునిగితే నష్టం అని తెగించి వ్యాపారం చేసేవారు.

1349లో ప్లేగు మహమ్మారి యార్క్ నగరానికి వచ్చి ఎందరినో పొట్టన పెట్టుకున్నది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు, 1357లో, ఆ ఊరి పెద్దలు కొందరు మూడవ ఎడ్వర్డ్ రాజు అనుమతితో ఒక ధార్మిక సోదర సంఘం ఏర్పాటు చేసుకున్నారు. అందులో స్త్రీలకు కూడా సభ్యత్వం ఉండేది. 1357కు, 1361కు మధ్య ఆ సంఘంవారు కట్టించినదే ఈ హాలు.

కట్టడాన్ని మూడు భాగాలుగా చెప్పుకోవాలి. పై అంతస్తులో పెద్ద హాలు. అదంతా ఓక్ కర్రతో చేసిన చట్రమే. మధ్యన దూలాలను మోసే స్తంభాల వరుస. అక్కడ వర్తకులు లెక్కలు చూసుకునేవారు, విందులు చేసుకునేవారు. దాని కింద నేలంతస్తు. అది బీదలకు, నిస్సహాయులకు ఆసుపత్రి. 1371 నుంచి ఆ ఆసుపత్రి చరిత్ర తెలుస్తున్నది. ఆసుపత్రి అంటే ఈనాటి మందులు, సూదులు ఉన్న చోటు అనుకోకూడదు. దిక్కులేని వృద్ధులకు, రోగులకు పడక, తిండి, వెచ్చదనం, చూసే మనిషి ఉన్న ఆశ్రయం అన్నమాట. ఆ నేలంతస్తును ఆనుకునే వారి ప్రార్థనా మందిరం. అది 1411లో తిరిగి కట్టబడినది. లేవలేని వారు కూడా తమ పడకల దగ్గర నుంచే ప్రార్థన వినగలిగేటట్లు దానిని అమర్చారు.

పైన షావుకార్లు, కింద బీదలు. ఒకే కప్పు. పై హాలులో విందుకు వచ్చే ప్రతి వర్తకునికీ కింద ఎవరు పడుకుని ఉన్నారో తెలుసు. ఆ హాలు కట్టినవారి ఉద్దేశ్యం అర్థం చేసుకోవటానికి మాకు ఇంతకంటే మంచి సాక్ష్యం కనిపించలేదు.

ఆ తర్వాత సంఘం పెరిగింది. 1430లో ఆరవ హెన్రీ రాజు దానికి సనదు ఇచ్చాడు. 1581లో ఎలిజబెత్ రాణి మరో సనదు ఇచ్చి, విదేశీ వ్యాపారంలో ప్రత్యేక హక్కులు కల్పించింది. వందల ఏళ్ళ తర్వాత ఆ వ్యాపార హక్కులు పోయినవి. కాని సంఘం పోలేదు. కింద ఉన్న ఆశ్రయం కూడా మూతపడలేదు. 1900 సంవత్సరం దాకా అక్కడ బీదలు నివసించారు. అనగా ఐదు వందల ఏళ్ళకు పైగా ఒక వర్తక సంఘం తన విందు హాలు కింద దిక్కులేనివారిని ఉంచి పోషించింది. రాజులు మారారు, మతాచారాలు మారినవి, దేశంలో అంతర్యుద్ధం జరిగింది. నేలంతస్తులో పడకలు మాత్రం ఉన్నవి.

సొంత హాలు లేనివారు

ఊళ్ళో అందరూ సాహస వర్తకులే ఉండరు గదా. చిన్న వృత్తులవారు, డబ్బు లేని గిల్డులవారు ఎక్కడ కూర్చునేవారు? యార్క్‌లోనే 15వ శతాబ్దంలో కట్టిన సెయింట్ ఆంథోనీ హాలు అనే మరో కట్టడం ఉన్నది. సొంత హాలు లేని చిన్న గిల్డులు అక్కడ సమావేశమయ్యేవి. కలిగినవాడు కట్టిన చోట లేనివాడు కూడా కూర్చోవటం ఆనాటికే అలవాటు.

సామాను అప్పగింతలో కూడా వారు గట్టివారే. ఆ కాలంలో యార్క్ గిల్డులు ఏటేటా ఒక పండుగనాడు బండ్ల మీద మత సంబంధమైన నాటకాలు వీధి వీధినా ఆడేవి. ఒక్కొక్క గిల్డుకు ఒక్కొక్క ఘట్టం. వర్తకుల వంతు చివరి తీర్పు ఘట్టం. 1433లో ఆ నాటకం బాధ్యులకు సామాను అప్పగించినప్పుడు రాసిన జాబితా ఒకటి నిలిచి ఉన్నది. నాలుగు చక్రాల బండి మొదలుకొని దయ్యాల దుస్తులు, మొహాల తొడుగులు, దేవదూతల రెక్కలు, బాకాల దాకా ఒక్కొక్కటి లెక్కపెట్టి అందులో రాశారు. మన హాళ్ళలో దేగులు, పళ్ళాలు, కుర్చీలు, జంఖానాలు లెక్కపెట్టి అప్పగించి సంతకం పెట్టించుకుంటాము. "ఇంత నమ్మకం లేదా?" అని కొందరు నొచ్చుకుంటారు కూడా. నమ్మకం లేక కాదు. పదిమంది సొత్తుకు లెక్క ఉండాలి. లెక్క రాసిపెట్టినందువల్లనే కదా దాదాపు ఆరువందల ఏళ్ళ తర్వాత కూడా ఆ బండికి ఎన్ని చక్రాలో మనం చెప్పుకోగలుగుతున్నాము!

ఒక సమావేశం బందరు దాకా వచ్చింది

ఇక్కడ మన తెలుగుదేశానికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. లండన్ నగరంలో ఫౌండర్స్ హాలు అని ఒక గిల్డు హాలు ఉండేది. ఫౌండర్లు అంటే ఇత్తడి, కంచు కరిగించి పోతపోసేవారు. గిన్నెలు, దీపపు సెమ్మెలు, తూనిక రాళ్ళు చేసేవారు. 1599 సెప్టెంబరు 24న ఆ హాలులో కొందరు లండన్ వర్తకులు సమావేశమయ్యారు. వారు పోతపని వాళ్ళు కారు. ఇతర వ్యాపారాలవారు, పరుల హాలులో కూడినవారు. అంతకు రెండు రోజుల ముందు 101 మంది కలిసి 30,133 పౌండ్ల చిల్లర చందా రాసుకున్నారు. తూర్పు దేశాలతో వ్యాపారం చెయ్యటానికి రాణిగారి అనుమతి కోరాలని వారి ఆలోచన. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి సనదు ఇచ్చింది. అదే ఈస్టిండియా కంపెనీ.

ఆ కంపెనీకి మొదట సొంత భవనమే లేదు. మొదటి గవర్నరు థామస్ స్మిత్ ఇంట్లోనే చాలా ఏళ్ళు పని నడిచింది. కాని ఓడలు మాత్రం బయలుదేరినవి. 1611లో గ్లోబ్ అనే ఓడ మన మచిలీపట్నం రేవుకు వచ్చింది. అప్పుడు గోల్కొండలో ముహమ్మద్ కులీ కుతుబ్ షా పరిపాలన. ఆ ఏడాదే కంపెనీవారు మచిలీపట్నంలో వ్యాపార స్థావరం పెట్టుకున్నారు. మన నేతగాళ్ళ గుడ్డలు, మన అద్దకం బట్టలు కొన్నారు. ఆ తర్వాతి కథ మన పిల్లలు పాఠ్యపుస్తకాల్లో చదువుతున్నదే. 1766లో నిజాం ప్రభువుతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి తీసుకున్నది.

ఇత్తడి పోతపోసేవారి హాలులో జరిగిన ఒక సమావేశం, పన్నెండు సంవత్సరాలు తిరగకుండా బందరు రేవులో లంగరు వేసింది. హాలు ఇచ్చినవారిని ఇందుకు తప్పుపట్టలేము. వారు కూర్చోవటానికి చోటిచ్చారు. కాని హాలు అద్దెకిచ్చేటప్పుడు "ఎవరికి, దేనికి?" అని ఒక్క మాట అడగటం ఊరికే పెట్టిన ఆచారం కాదని ఈ చరిత్ర వల్ల తెలుస్తున్నది. సమావేశం రెండు గంటల్లో ముగుస్తుంది. దాని ఫలితం నూట యాభై ఏళ్ళు నడవవచ్చు.

మంటలు, అప్పులు, అద్దెలు

గిల్డులు తమ హాళ్ళను బయటివారికి అద్దెకివ్వటం ఎందుకు మొదలుపెట్టినవి? పూర్వం నుంచి కొంత ఉన్నా, లండన్‌లో దానికి బలమైన కారణం 1666 నాటి అగ్నిప్రమాదం. ఆ సెప్టెంబరులో నాలుగు రోజులపాటు నగరం తగలబడింది. 13,200 ఇళ్ళు, 87 చర్చిలతో పాటు 44 గిల్డు హాళ్ళు కాలిపోయినవి. అప్పటికే రాజులు, పార్లమెంటు యుద్ధాల కోసమని గిల్డుల దగ్గర బలవంతపు అప్పులు తీసుకుని ఉన్నారు. పెట్టెలు ఖాళీ. పైగా హాలు మళ్ళీ కట్టుకోవాలి.

మసాలా దినుసుల వర్తకుల సంఘం గ్రోసర్స్ కంపెనీ. వీరు కూడా ఆ రోజుల్లో అప్పులపాలయ్యారు. తిరిగి కట్టుకున్న హాలును ఇతరులకు అద్దెకిచ్చి నిలదొక్కుకున్నారు. వారి దగ్గర అద్దెకున్నవారిలో ఒకరి పేరు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టినప్పుడు దానికి సొంత గూడు లేదు. 17 మంది గుమాస్తాలు, ఇద్దరు ద్వారపాలకులతో మెర్సర్స్ హాలులో పని మొదలుపెట్టింది. మెర్సర్లు అంటే పట్టు, మేలి గుడ్డల వర్తకులు. కొద్ది నెలలకే బ్యాంకు గ్రోసర్స్ హాలుకు మారి, 1734 దాకా, అనగా 40 ఏళ్ళు, అక్కడ అద్దెకున్నది. ప్రపంచంలో పేరుమోసిన బ్యాంకు మిరియాలు అమ్మేవారి హాలులో అద్దెకుండి పెద్దదయింది. 1698లో ఏర్పడిన రెండవ ఈస్టిండియా కంపెనీ కూడా ఇదే పని చేసింది. బొచ్చుతోళ్ళ వర్తకుల స్కిన్నర్స్ హాలును అద్దెకు తీసుకున్నది.

పుస్తకాలు అచ్చువేసేవారి, అమ్మేవారి సంఘం స్టేషనర్స్ కంపెనీ. 17వ శతాబ్దం చివర వారి హాలులో ఏటా నవంబరులో సంగీతోత్సవం జరిగేది. ఒకచోట బ్యాంకు, ఒకచోట సంగీతం. హాలు తలుపు తెరిస్తే ఊరికి కావలసిన పనులన్నీ లోపలికి వస్తవి. అద్దె తీసుకోవటం నామోషీ అనుకుని ఉంటే ఆ సంఘాలలో కొన్ని ఆనాడే మాయమై ఉండేవి.

మూడు ఊళ్ళు, మూడు దారులు

1547లో ఆరవ ఎడ్వర్డ్ రాజు కాలంలో ఒక చట్టం వచ్చి, మత సంబంధమైన గిల్డుల ఆస్తులు ప్రభుత్వం పాలయినవి. అప్పుడు ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క విధంగా జరిగింది.

కోవెంట్రీలో సెయింట్ మేరీస్ గిల్డ్‌హాల్ అనే అందమైన కట్టడం ఉన్నది. 1340 ప్రాంతాల్లో మొదలైనది. అక్కడ గిల్డు పోయింది, హాలు నగరానికి మిగిలింది. 1569లో స్కాట్లండు రాణి మేరీని అక్కడ బందీగా ఉంచారు. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు కోవెంట్రీ మీద బాంబులు కురిపించినవి. ఎదురుగా ఉన్న పెద్ద చర్చి కూలిపోయినా హాలు బతికి బయటపడింది. నగరంవారు దానికి మరమ్మతులు చేయించి, పాత వంటగదిని కూడా బాగుచేసి, 2022లో మళ్ళీ తెరిచారు.

స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో హోలీ క్రాస్ గిల్డువారు 1417-1420 ప్రాంతంలో హాలు కట్టారు. గిల్డు రద్దయిన తర్వాత 1553లో రాజుగారి సనదుతో ఊరికి పురపాలన ఏర్పడింది, గిల్డు నడిపిన బడి కొనసాగింది. ఆ కట్టడంలోనే పై అంతస్తులో పిల్లలు చదువుకున్నారు. 1568-69లో జాన్ షేక్స్‌పియర్ ఆ ఊరి పెద్దగా ఉన్నప్పుడు రెండు నాటక బృందాలు వచ్చి కింది హాలులో ప్రదర్శన ఇచ్చినవి. ఒక బృందానికి 9 షిల్లింగులు, మరొకదానికి ఒకే ఒక షిల్లింగు పురపాలకులు ఇచ్చినట్లు లెక్కల్లో ఉన్నది. ఆ పెద్దగారి కొడుకు విలియంకు అప్పుడు సుమారు ఐదేళ్ళు. ఆ పిల్లవాడు తర్వాత ఏమయ్యాడో లోకమంతటికీ తెలుసు. పైన బడి, కింద సమావేశం, అప్పుడప్పుడు నాటకం. బడిపంతుళ్ళం కనుక ఈ ఊరి కథ చెప్పేటప్పుడు మాకు ఒక పిసరు ఎక్కువ సంతోషం కలుగుతుంది.

మూడవది యార్క్. అక్కడ సంఘం నిలిచింది, హాలు సంఘం చేతిలోనే నిలిచింది. ఆ కట్టడం నేటికీ మర్చంట్ అడ్వెంచరర్స్ సంఘానిదే.

ఈ మూడింటిలో ఏది మేలు అని ఒక్క మాటలో తేల్చటం కష్టం. కోవెంట్రీలో నగరం కాపాడింది, స్ట్రాట్‌ఫర్డ్‌లో చదువు కాపాడింది, యార్క్‌లో సభ్యులు కాపాడుకున్నారు. అయితే మూడు చోట్లా ఒక విషయం సమానం. హాలుకు ఏదో ఒక పని ఉన్నది. ఖాళీగా తాళం వేసి ఉంచిన హాలును ఎవరూ కాపాడలేరు. వాడని బావికి పాచి పట్టినట్లే వాడని హాలుకు చెద పడుతుంది.

ఈనాటి అద్దె, ఈనాటి షరతులు

ఇప్పుడు యార్క్ హాలు పగటిపూట చూడవచ్చేవారికి మ్యూజియం. కోరినవారికి సమావేశాలకు, విందులకు, పెళ్ళిళ్ళకు అద్దెకిస్తారు. పైన ఉన్న పెద్ద హాలులోనే కాక, ఒకప్పుడు బీదలు పడుకున్న నేలంతస్తులో కూడా భోజనాల బల్లలు వేస్తారు.

పాత కట్టడం అద్దెకివ్వటం కొత్త ఫంక్షన్ హాలు అద్దెకిచ్చినంత తేలిక కాదు. ఆరువందల ఏళ్ళ కర్రకు నిప్పు అంటే ప్రాణభయం. కనుక ఇటువంటి హాళ్ళలో సాధారణంగా మంట ఉన్న దీపాలకు, పొయ్యిలకు గట్టి షరతులుంటవి. గోడకు మేకు కొట్టనివ్వరు, అలంకరణ పేరుతో దూలాలకు తాళ్ళు కట్టనివ్వరు. ఎంతమందిని లోపలికి రానివ్వాలో కచ్చితంగా ముందే చెబుతారు. వంటవారిని కూడా తమకు తెలిసినవారిలోంచే పెట్టుకోమంటారు. బయానా ముందు కట్టాలి, వేళకు ఖాళీ చెయ్యాలి. ఇన్ని షరతులా అని విసుక్కునేవారు అక్కడ కూడా ఉండే ఉంటారు. కాని ఒక్క రాత్రి సరదా కోసం ఆరు శతాబ్దాల సొత్తును పణంగా పెట్టలేరు గదా.

షరతులు ఎందుకో తెలియాలంటే పోగొట్టుకున్నవారిని చూడాలి. అదే యార్క్‌లో నగర సభ కూర్చుంటూ వచ్చిన గిల్డ్‌హాల్ ఒకటి ఉన్నది. 15వ శతాబ్దం నాటిది. 1942 ఏప్రిల్ 29న బాంబుదాడిలో కాలిపోయింది. తిరిగి కట్టి 1960లో తెరిచారు. లండన్ నగరపు పెద్ద గిల్డ్‌హాల్ 1411లో మొదలైనది. దాని కప్పు 1666 మంటల్లో ఒకసారి, 1940 డిసెంబరు 29 బాంబుల్లో మరొకసారి పోయింది. ఇప్పుడున్న కప్పు 1954 నాటిది. సాహస వర్తకుల హాలుకు నిప్పు తగలలేదు గాని, పక్కనున్న ఫాస్ నది పొంగినప్పుడల్లా నేలంతస్తులోకి నీళ్ళు వచ్చిన సందర్భాలున్నవి. కర్రమేడను నిలబెట్టటం ఏటేటా ఖర్చు. ఆ ఖర్చుకు చందా ఒక్కటే చాలదు. చూడవచ్చినవారి టికెట్టు, విందు చేసుకున్నవారి అద్దె కలిస్తేనే కప్పు నిలుస్తుంది.

రెండు మాటలకూ జవాబు

ఇప్పుడు మొదట చెప్పిన తగవుకు వద్దాము. "మన చందాతో కట్టిన హాలుకు అద్దె ఏమిటి?" అనే సభ్యునికి ఈ చరిత్ర ఏమి చెబుతున్నది? హాలు కట్టటం ఒకనాటి పని, హాలు నిలపటం ప్రతినాటి పని. కట్టిన తరం చందా ఇచ్చింది. వాడుకునే తరం అద్దె ఇవ్వాలి. రెండూ ఒకే పెట్టెలో పడే డబ్బే. గిల్డు అనే మాటకు అర్థమే చెల్లింపు అయినప్పుడు అద్దెను వేరుగా చూడనక్కరలేదు.

"అద్దె బాగా పెంచాలి, లేకపోతే నడవదు" అనే సభ్యునికి కూడా ఆ చరిత్రే జవాబు చెబుతున్నది. యార్క్ హాలును ఈనాడు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి చూస్తున్నారంటే దాని దూలాల కోసం మాత్రమే కాదు. ఆ దూలాల కింద ఐదు వందల ఏళ్ళు బీదలకు చోటు దొరికింది. పై హాలుకు అంత గౌరవం తెచ్చినది కింది అంతస్తు. కింది అంతస్తు లేకుండా పై హాలు ఒక్కటే కట్టి ఉంటే, అది కొందరు షావుకార్ల భోజనశాల అయి ఉండేది. ఎంత అద్దె వచ్చినా భోజనశాల భోజనశాలే.

ఆ కింది అంతస్తులో ఇప్పుడు విందు బల్లలు వేస్తున్నారని చదివినప్పుడు మాకు మనసులో కొంచెం కలుక్కుమన్నది. రోగులు పడుకున్న చోట ఈనాడు పెళ్ళివారు భోజనం చేస్తున్నారా అనిపించింది. కాని ఆలోచిస్తే అందులో అపచారం కనిపించలేదు. సంఘం దానధర్మాలు మానలేదు, పడకల రూపం మాత్రం పోయింది. ప్రభుత్వ ఆసుపత్రులు, పింఛనులు వచ్చిన కాలంలో సేవకు మరో రూపం కావాలి. రూపం మారితే ఫరవాలేదు. సేవే పోతే, అప్పుడు అద్దె రసీదు పుస్తకం తప్ప మిగిలేది ఉండదు.

కనుక హాలు గల ప్రతి సంఘమూ తనను తాను అడగవలసిన ప్రశ్న ఒక్కటే. మన హాలుకు కింది అంతస్తు ఎక్కడ? ఇటుకలతో కట్టిన అంతస్తు అక్కరలేదు. ఫీజు కట్టలేని పిల్లవాడికి ఇచ్చే స్కాలర్‌షిప్ కావచ్చు. మందులు కొనలేని ముసలివారికి చేసే సాయం కావచ్చు. ఆడపిల్ల పెళ్ళికి హాలు అద్దె కట్టలేని ఇంటికి, నలుగురికి చాటకుండా, అద్దె మాఫీ చేసే ఒక రోజు కావచ్చు. యార్క్ వర్తకులు పడకలు వేశారు. మనకు కాలానికి తగినది మనం చూసుకోవాలి.

ఇందుకు పెద్ద ఏర్పాటు ఏమీ అవసరం లేదని మా అభిప్రాయం. హాలు లెక్కల పుస్తకంలో అద్దె వచ్చిన గడి ఒకటి, మరమ్మతుకు ఖర్చయిన గడి ఒకటి ఎలాగూ ఉంటవి. వాటి పక్కన మూడవ గడి ఒకటి గీయవలసిందిగా కార్యవర్గం వారికి మనవి చేస్తున్నాము. ఆ ఏడాది అద్దెలో ఎంత భాగం చదువుకు, వైద్యానికి వెళ్ళింది, ఎన్ని రోజులు హాలు ఉచితంగా ఇవ్వబడినది అన్నది అందులో రాయాలి. సాయం పొందినవారి పేర్లు రాయనక్కరలేదు. అంకెలు చాలును. వచ్చే సంవత్సరపు సంచికలో జమాఖర్చుల పేజీతో పాటు ఆ మూడవ గడి కూడా అచ్చయితే, అద్దె కట్టిన ప్రతి కుటుంబమూ ఆ పేజీ చూసుకుని "ఇందులో మాదీ ఉన్నది" అనుకుంటుంది.